ఇసుకలో ప్లాస్టిక్ ఏరేవాళ్లు

కల్లూరు పక్కన హంద్రీలో పారేసిన పాల కవరు అక్కడితో ఆగదు. నీళ్లొస్తే కర్నూలు దగ్గర తుంగభద్రలో, ఆపైన కృష్ణలో పడి, ఆనకట్టల దగ్గర చిక్కుకోగా మిగిలిందేదో హంసలదీవి దాకా పోతుంది. ఎండకు పెళుసెక్కి, రాళ్లకు ఒరుసుకుని ఐదు మిల్లీమీటర్లకన్నా చిన్న ముక్కలైతే అదే మైక్రోప్లాస్టిక్. 2004లో రిచర్డ్ థాంప్సన్ బృందం సైన్స్ పత్రికలో రాశాక ఆ మాట లోకానికి పరిచయమైంది.

నాకు గౌరవం కలిగించేది ఈ ముక్కలను వెతికే శాస్త్రవేత్తల చేతిపని. తీరం నుంచి తెచ్చిన ఇసుకను ఆరబెట్టి జల్లెడ పడతారు. చిక్కటి ఉప్పునీళ్లలో కలిపితే ఇసుక అడుగుకు దిగుతుంది, పాలిథిన్ తేలుతుంది. నీళ్ల బాటిళ్ల ప్లాస్టిక్ బరువెక్కువ, దానికి జింక్ క్లోరైడ్ ద్రావణం కావాలి. నాచును, పురుగుల మిగుళ్లను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కరిగిస్తారు. ఇక మైక్రోస్కోపు ముందు కూర్చుని, బియ్యంలో బెడ్డలు ఏరినట్టు, గంటల తరబడి ఒక్కో పోగూ ఏరతారు. అనుమానమొస్తే వేడి సూది తగిలిస్తారు. ప్లాస్టిక్కయితే కరిగో, ముడుచుకుపోయో బయటపడుతుంది. అది ఏ రకమో పరారుణ కిరణాల యంత్రం తేలుస్తుంది.

వాళ్ల జాగ్రత్త నాకు మరీ నచ్చుతుంది. తమ బట్టల పోగులే లెక్కలో కలుస్తాయని నూలు కోట్లు వేసుకుంటారు. పక్కన ఖాళీ వడపోత కాగితం ఒకటి తెరిచిపెట్టి, గాలిలోంచి దానిమీద ఎన్ని పడ్డాయో లెక్కపెడతారు. తమ చేతులనే శంకించే ఈ నిజాయితీ చూశాకే వాళ్ల మాట నమ్మాలనిపిస్తుంది. ప్లాస్టిక్ రేణువులు మింగిన కోపిపాడ్లు, అంటే చేపపిల్లల కడుపు నింపే చిన్ని నీటి జీవులు, నాచు తినడం తగ్గిస్తున్నాయని ప్రయోగశాలల్లో తేల్చింది ఇలాంటి శాస్త్రవేత్తలే.