మాంత్రికుడే దాత: ‘పాతాళ భైరవి’ కథ అల్లిక

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఘంటసాల పాటల సభ పెడితే ‘పాతాళ భైరవి’ ప్రస్తావన రాకుండా ఉండదు. 1951 నాటి ఆ విజయా వారి సినిమాలో పాటల్నీ, నేపాళ మాంత్రికుడిగా ఎస్వీ రంగారావునీ తనివితీరా మెచ్చుకున్నాం. రచయిత పింగళి నాగేంద్రరావు, దర్శకుడు కె.వి. రెడ్డి కథ బిగించిన తీరుకు మాత్రం అందులో సగం మెప్పూ దక్కలేదు.

రష్యన్ పండితుడు వ్లాదిమిర్ ప్రాప్ 1928లో వంద మాయకథలు విప్పి చూసి, వాటిలో జరిగే పనులు 31 అనీ, పాత్రలు ఏడు రకాలనీ తేల్చాడు. వాటిలో కీడు చేసే దుష్టుడు ఒకరు, నాయకుడికి మహిమగల వస్తువు అందించే దాత ఒకరు. ఆ పుస్తకం ఇంగ్లీషులోకి వచ్చింది 1958లో. మనవాళ్లు అంతకుముందే ఈ రెండు పాత్రల్నీ ఒక్క మనిషిలో పోశారు.

రాకుమారి ఇందుమతినివ్వాలంటే తెమ్మని రాజు అడిగిన ఐశ్వర్యం కోసం నాయకుడు తోటరాముడు మాంత్రికుడి వెంట వెళ్తాడు. పాతాళ భైరవి మహిమగల బొమ్మ దక్కాలంటే మాంత్రికుడికి కావలసింది బలికి ఒక సాహసి. ఇద్దరి అవసరాలూ ఒకే గుహలో కలుస్తాయి. కొలనులో స్నానానికి దిగిన రాముడి మీదికి మొసలి వస్తుంది. చంపితే శాపం తీరిన స్త్రీ అయి, గుట్టు విప్పుతుంది. పరీక్ష, గెలుపు, హెచ్చరిక అన్నీ ఒక్క మునకలో అయిపోయాయి! బలి తిరగబడి మాంత్రికుడే చస్తాడు, బొమ్మ రాముడి చేతికొస్తుంది. లొట్టె రైనిగర్ 1926లో కత్తిరించిన నీడబొమ్మలతో తీసిన ‘ప్రిన్స్ అహ్మద్’ యానిమేషన్ చిత్రంలోనూ ఎగిరే గుర్రాన్ని తెచ్చేది మాంత్రికుడే. ఇక్కడ బొమ్మ అయితే చివరిదాకా చేతులు మారుతూనే ఉంటుంది.

ఆర్టీసీ క్రాస్ రోడ్స్ థియేటర్ల బయట ‘సెకండాఫ్ లాగారు’ అన్న మాట తరచూ వింటాం. ఇక్కడ ఆ మాటకు చోటే లేదు. మాంత్రికుడి శిష్యుడు సదాజపుడు గురువును బతికించగానే, ప్రాప్ చెప్పినట్టు కొత్త కీడుతో కొత్త కథ మొదలవుతుంది. మాంత్రికుడి కోసం బొమ్మను దొంగిలించేది ఎవరు? అప్పటిదాకా నవ్వించిన రేలంగి పాత్ర. రాకుమారి దక్కలేదన్న ఏడుపే అతణ్ణి దొంగను చేస్తుంది. నవ్వు కోసం పెట్టిన పాత్ర మీద కథంతా మలుపు తిరగడం నాకు మహా ఇష్టం.

ఇక గడ్డం సంగతి. ఇందుమతిని ఎత్తుకుపోయిన మాంత్రికుడి దగ్గరికి సదాజపుడి వేషంలో వచ్చిన రాముడి స్నేహితుడు అంజి, ఆమె మెచ్చాలంటే గడ్డం తీసేయమంటాడు. మాంత్రికుడు ఒప్పుకుంటాడు. గడ్డంతో పాటు శక్తులూ పోతాయి. దుష్టుడు ఓడింది కత్తికి కాదు, తన కోరికకే. మొదటి కథలో ఐశ్వర్యం కోరి రాముడు బలిపీఠం దాకా నడిచినట్టే, రెండో కథలో మాంత్రికుడు మంగలి కత్తి కింద కూర్చున్నాడు.