పేరు పక్కన ఏం రాయాలి

విమానం కూలిందన్న రాత్రి డెస్కుకు ముందు ఫొటో వస్తుంది, తర్వాత పేరు, ఊరు. వాటితోనే పేజీ వదిలేయడానికి నాకు మనసొప్పదు. పోయిన మనిషిది ఏ దళం, ఏ హోదా, ఆ రోజు విమానం నడుపుతున్నాడా, ప్రయాణిస్తున్నాడా అన్నది తేలాలి. తప్పు రాస్తే సవరణ వేయమని అడగడానికి ఆయన లేడు.

విశాఖలో మొదటి తికమక దళం దగ్గరే. విమానం నడిపితే ఎయిర్‌ఫోర్సే అనుకుంటారు చాలామంది. కానీ ఇక్కడి వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగా నేవీది. హోదా ఇంకో చిక్కు. నేవీ కెప్టెన్ అంటే ఆర్మీ కల్నల్‌తో సమానం. ఆర్మీ కెప్టెన్‌కు సరితూగేవాడు నేవీలో లెఫ్టినెంట్, వైమానిక దళంలో ఫ్లైట్ లెఫ్టినెంట్. అందుకే ఫొటోలో ముఖం తర్వాత భుజం చూస్తాను. నల్లటి పట్టీ మీద బంగారు చారలుండి, పై చార చిన్న చుట్టు తిరిగితే నేవీ. అలాంటి చారలు రెండుంటే లెఫ్టినెంట్. అయితే ఇళ్లలో ఫ్రేము కట్టించి పెట్టుకునేది తరచూ కమిషన్ అందుకున్న రోజు ఫొటోయే. ప్రమోషన్లు ఆ తర్వాత వచ్చి ఉంటాయి. వాటికి భారత గెజిట్ తిరగేయాల్సిందే.

ట్రైనింగ్‌లో పోయినవాణ్ని యుద్ధంలో పోయాడని రాయమని బతిమాలేవాళ్లుంటారు. ప్రేమతోనే అంటారు. నేను రాయను. ట్రైనింగ్‌లో పోయినవాడూ దేశం పని మీదే పోయాడు. ఉన్నదున్నట్టు రాస్తే ఆయనకేమీ తక్కువ కాదు.

ఉన్నది తేలడానికి ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. 1965 సెప్టెంబర్ 7న పాకిస్తాన్‌లోని సర్గోధా మీద దాడికి వెళ్లిన స్క్వాడ్రన్ లీడర్ ఎ.బి. దేవయ్య తిరిగి రాలేదు. ఏం జరిగిందో మనవైపు చూసినవాళ్లు లేరు. 1979లో బ్రిటిష్ రచయిత జాన్ ఫ్రికర్ పాకిస్తాన్ వైపు వివరాలతో రాసిన పుస్తకంలో, వాళ్ల స్టార్‌ఫైటర్ యుద్ధ విమానం ఒకటి మన మిస్టేర్ విమానం చేతిలో కూలిందని వచ్చింది. ఆ మిస్టేర్ ఎవరిదని ఆరా తీస్తే దేవయ్య పేరు దగ్గర తేలింది. 1988లో మహావీర్ చక్ర ఇచ్చారు. అవతలి పక్షం రాసుకున్నదీ చదవాలని నాకు తెలిసింది ఆ ఉదంతంతోనే.

మనకు దగ్గరి గాయం వైమానిక దళం వారి ఏఎన్-32 విమానం. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయల్దేరి బంగాళాఖాతం మీద మాయమైంది. విమానంలో 29 మంది, అందులో ఆరుగురు సిబ్బంది. ఎనిమిది మంది మన విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో (ఎన్ఏడీ) ఉద్యోగులు. కొత్తరోడ్డు కూడలికి ఎన్ఏడీ అన్న పేరు ఆ డిపో వల్లే వచ్చింది. 2024 జనవరిలో రక్షణ శాఖ ప్రకటన చేసింది. చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్ఐఓటీ) యంత్రం తీసిన శకలాల ఫొటోలు ఏఎన్-32తో సరిపోలాయంది. ఆ చుట్టుపక్కల మరే విమానమూ గల్లంతైన దాఖలా లేదంది. ఎంత తేలిందో అంతే చెప్పిన ఆ ప్రకటన మీద నాకు గౌరవం.

ఆ విమానం గురించి ఎవరైనా ‘29 మంది జవాన్లు’ అని రాసుకొస్తే కొట్టేస్తాను. పైలట్ల పేరు పక్కన పైలట్ అని, డిపోవాళ్ల పేరు పక్కన వాళ్ల ఉద్యోగం పెడతాను.