రొట్టె తట్టే చప్పుడున్న హోటల్

వికారాబాద్, తాండూరుల్లో స్థానికులు తినే హోటళ్లు ఎక్కువగా బస్టాండు, రైల్వే స్టేషన్, మార్కెట్ యార్డు చుట్టుపక్కలే ఉంటాయి. 1874లో మొదలైన సికింద్రాబాద్–వాడి రైలు మార్గం మీదివే ఈ రెండు ఊళ్లూ. వికారాబాద్ జంక్షన్ దగ్గర బీదర్ లైను చీలుతుంది. 2016లో వికారాబాద్ జిల్లా కేంద్రమయ్యాక ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్లూ పెరిగారు. హైదరాబాద్ నుంచి వానాకాలం శని, ఆదివారాల్లో అనంతగిరి చూడవచ్చేవారిలో చాలామంది మాత్రం గుట్ట మీదో, రిసార్టులోనో తిని వెనుదిరుగుతారు. పట్టణంలోని మెస్సుకు వాళ్లతో పెద్దగా పని లేదు, రోజూ వచ్చేవాళ్లే దాని బేరం. రేపు కూడా రావాల్సిన మనిషికి ఇవాళ నిన్నటి కూర వడ్డించడం కుదరదు. ఇలాంటి చోట తినడంలో ప్రయాణికుడికి దక్కే భరోసా అదే.

తాండూరు నాపబండల ఊరు. గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, కంది బేరం అన్నీ ఇక్కడే. కర్ణాటక సరిహద్దు పక్కనే కావడంతో ఒకే బల్ల దగ్గర తెలుగు, ఉర్దూ, కన్నడం వినిపిస్తాయి. కొన్ని హోటళ్లలో కింద పరిచిందీ, బల్ల మీద వేసిందీ ఊరి బండే. పొద్దంతా బరువులెత్తిన మనిషికి ఆకలి గట్టిగా ఉంటుంది, అందుకే ఇక్కడ అన్నంతో పాటు జొన్నరొట్టెకూ అంత గిరాకీ.

గోధుమపిండికున్న సాగుడు జొన్నపిండికి లేదు. అందుకే మరిగిన నీళ్లు పోసి కలిపి, వేడి మీదే అరచేత్తో బాగా మెదుపుతారు. ముద్దను బండ మీద పెట్టి, పొడిపిండి చల్లుతూ, తిప్పుతూ తడతారు. రొట్టె పెనం మీద పడగానే పై వైపున తడిగుడ్డతో నీళ్లు అద్దుతారు. ఆ తడి ఆరీ ఆరకముందే తిరగేస్తారు. ఆలస్యమైతే పైన పగుళ్లొస్తాయి. చివర్లో మంట మీద కాలిస్తే పూరీలా పొంగుతుంది. పిండి పాతబడితే ముద్ద కుదరదు, అంచులు విరుగుతాయి. కాబట్టి హోటల్ ఎంచుకోవడానికి బోర్డు చదవడం కంటే పెనం వైపు ఓసారి చూడటం మేలు. ముందే కాల్చి పేర్చిన మెత్తని రొట్టె చల్లారాక తోలులా సాగుతుంది. నిలవ కోసం కరకరలాడేలా ఆరబెట్టిన కటక రొట్టె సంగతి వేరు, అది రోజుల తరబడి ఉంటుంది.

రొట్టెలోకి పప్పు, పల్లీల పొడి, ఉల్లిపాయ ముక్క, పచ్చిమిర్చి. మాంసం తినేవాళ్లకు బోటి, తలకాయ కూర. సరిహద్దు దాటి కలబురగి వైపు వెళితే అదే రొట్టె పక్కన ఎణ్ణెగాయి వంకాయ ఉంటుంది. పప్పు గురించి విడిగా చెప్పాలి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇక్కడి లోతైన నల్లరేగడే దాని రుచికీ, చక్కగా ఉడికే గుణానికీ మూలమంటారు. కలబురగి కందిపప్పుకు 2019లోనే ఆ గుర్తింపు ఉంది, ఎవరి కంది గొప్పదో తేల్చే పని తినేవాడిది కాదు. కొత్త కందులు యార్డుకు చేరే డిసెంబరు, జనవరిలో రైతులు, హమాలీలతో ఈ హోటళ్లు మధ్యాహ్నం కిటకిటలాడతాయి.

పన్నెండున్నర, ఒంటిగంట మధ్య వెళితే అన్నీ వేడిగా దొరుకుతాయి. రెండున్నర దాటితే కూరలు అడుగంటుతాయి. ‘అయిపోయింది’ అన్నారంటే అయిపోయినట్టే, మళ్లీ వండరు. బోర్డు మీద నాలుగు పేర్లే ఉంటే అనుమానించనక్కర్లేదు, పొడుగాటి జాబితా చూస్తేనే కాస్త ఆలోచించాలి. ఎదురుగా ఖాళీ కుర్చీ ఉంటే మరొకరు వచ్చి కూర్చుంటారు, అనుమతి అడగరు, అది అమర్యాదా కాదు. చాలాచోట్ల బిల్లు కాగితమంటూ ఉండదు. చెయ్యి కడుక్కుని గల్లా దగ్గరికి వెళ్లి, ఎన్ని రొట్టెలు, ఏ కూర అన్నది తిన్నవాడే చెబుతాడు, గల్లాలో కూర్చున్నాయన నోటిలెక్క కట్టి డబ్బు తీసుకుంటాడు.