తొమ్మిదిన్నరకి ఖాళీ అయ్యే బండి

కొత్త ఊళ్లో మంచి టిఫిను ఎక్కడ దొరుకుతుందని అడిగితే లాడ్జి కుర్రాడు ఏసీ ఉన్న హోటలు పేరు చెబుతాడు. ఆడమనిషిని, అందులోనూ పెద్దావిడని, రోడ్డు పక్క బండి దగ్గరికి పంపడం మర్యాద కాదనుకుంటాడు. అందుకే నేను ఇంకోలా అడుగుతాను: తొమ్మిదిన్నర దాటాక వెళ్తే ఏమీ మిగలని బండి ఏది బాబూ? దీనికి మాత్రం తడుముకోకుండా జవాబొస్తుంది. "ఆంజనేయస్వామి గుడి ఎదురుగా మేడం, ఎనిమిదింటికే వెళ్లండి" అంటాడు.

ఫోనులో కనిపించే చుక్కల కన్నా నాకు ఈ గుర్తు మీదే గురి. ఇడ్లీ, దోసె, గారె అన్నీ పిండి మీద బతికే వ్యాపారాలు. రాత్రి ఇంత అని రుబ్బుతారు. అది అయిపోగానే పెనం తుడిచి, బండి తోసుకుని వెళ్లిపోతారు. నిన్నటిది ఇవాళ్టిలో కలవదు, ఇవాళ్టిది రేపటికి ఉండదు. పొద్దున ఏడింటికీ రాత్రి పదకొండింటికీ అదే దోసె అమ్మే చోట ఫ్రిజ్జు ఒకటి తప్పకుండా ఉంటుంది. దాని తలుపు వెనక ఏ రోజు పిండి ఉందో మనకి తెలియదు.

ఎంత రుబ్బాలన్నది చిన్న లెక్క కాదు. ఎక్కువైతే నష్టం, తక్కువైతే రోజూ వచ్చేవాళ్లు మొహం మాడ్చుకుని పక్క బండికి పోతారు. ఆదివారం లెక్క వేరు, పరీక్షల రోజుల్లో లెక్క వేరు, ముసురు పట్టిన రోజు ఇంకా వేరు. కార్తీక మాసంలో కొన్ని బండ్లకి ఉల్లిపాయ తినని గిరాకీ పెరుగుతుంది. పులియడం సంగతి సరేసరి. ఎండాకాలంలో రాత్రి పదకొండింటికి రుబ్బినా తెల్లారేసరికి గిన్నె దాటి పొంగుతుంది. చలికాలంలో సాయంత్రమే రుబ్బి గోనెసంచి కప్పినా కదలనని మొరాయిస్తుంది. మన ఇడ్లీకి ఇంకో పేచీ కూడా ఉంది. తమిళులు ఉప్పుడు బియ్యం రుబ్బి కలుపుతారు, మనం ఎక్కువగా మినప్పిండిలో ఇడ్లీ రవ్వ కలుపుతాం. రవ్వ సరిగ్గా నానకపోయినా, సరిగ్గా పిండకపోయినా ఇడ్లీ పంటికింద గరగరమంటుంది. ఇన్ని తంటాలుంటాయి గనకే మంచి ఇడ్లీ బండివాడు సాధారణంగా వేరే జోలికి పోడు. విజయవాడ గాంధీనగర్‌లో బాబాయ్ హోటలు 1942లో మొదలైంది. ఇన్నేళ్లూ జనం అక్కడికి ముఖ్యంగా ఇడ్లీ, దాని మీద వెన్నపూస కోసమే వెళ్తున్నారు.

"ఇడ్లీ బండివాడు" అని రాశాను గాని, పెనం ముందు నిలబడి గరిటె తిప్పే మగవాడే మనకి కనిపిస్తాడు. రాత్రి పప్పు కడిగి గ్రైండరు దగ్గర కూచునేది, తెల్లవారుజామున లేచి చట్నీకి పల్లీలు వేయించేది చాలాచోట్ల అతని భార్య. ఎనిమిదింటికి పిల్లల్ని బడికి పంపి ఆవిడ బండి దగ్గరికి వచ్చేసరికి సగం బేరం అయిపోయి ఉంటుంది. పేరు మాత్రం అతనిది.

ఆ గరిటె తిప్పడం గురించి కూడా చెప్పుకోవాలి. ఇంట్లో దోసె మొదటిది ఎందుకు చెడుతుందో, బండి మీద వందోది కూడా ఎందుకు చెడదో చాలాకాలం నిలబడి చూశాను. పెనం మరీ కాలి ఉంటే పిండి వేసిన చోటే గట్టిపడి గరిటెకి చుట్టుకుంటుంది, పలచగా తిరగదు. అందుకని బండివాడు ప్రతి దోసెకి ముందు నీళ్లు చిలకరిస్తాడు. చుయ్‌మని ఆవిరి లేవగానే చీపురుతోనో, సగం కోసిన ఉల్లిపాయతోనో తుడిచేస్తాడు. పెనం పైపైన ఒక్క క్షణం చల్లబడుతుంది. పిండి పోసి తిప్పడం ఆ క్షణంలో అయిపోవాలి. ఆ తర్వాత అడుగున ఉన్న వేడి పైకొచ్చి దోసెని కాలుస్తుంది. దళసరి ఇనప పెనానికే ఆ వేడి నిలవ ఉంటుంది. మన ఇంట్లో పలచని నాన్‌స్టిక్కు పెనం మీద నీళ్లు చల్లితే మొత్తమే చల్లారిపోతుంది. పెద్ద పెనం మీద నడుమ ఒక వేడి, అంచున ఒక వేడి. ఎర్రగా కాల్చమన్న దోసె నడుమన, పిల్లాడికి మెత్తగా కావాలన్నది అంచున. ఎవరిది ఏదో అతను రాసుకోడు.

చట్నీ దగ్గరికి వద్దాం. బజారు ధరలు నేను పేపర్లో కన్నా ముందు చట్నీలో చూస్తాను. పల్లీల ధర పెరిగిన నెలలో చట్నీ తెల్లబడుతుంది. పుట్నాల పప్పు పాలు పెరిగిందన్నమాట. ఇంకా పెరిగితే పలచబడుతుంది. ఆ పైన, ఇంతకాలం గిన్నె మన ముందే వదిలేసిన మనిషి గరిటె తన చేతిలోకి తీసుకుంటాడు. ఇడ్లీ ధర రెండు రూపాయలు పెంచడం కన్నా ఇదే అతనికి సులువు. ధర పెంచితే వాదిస్తాం, చట్నీ పలచబడితే కొంచెం గొణిగి తినేస్తాం. పూరీకిచ్చే బొంబాయి చట్నీకి మాత్రం ఈ గండాలు తక్కువ. శనగపిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నీళ్లు. ఎంతమంది వచ్చినా సాగుతుంది.

రాయలసీమ వెళ్తే నేను ఇడ్లీ అడగను. కర్నూలు, అనంతపురంలో పొద్దున్నే ఉగ్గాని తినకుండా వచ్చేవాళ్లని చూస్తే జాలేస్తుంది. బొరుగులు నీళ్లలో వేసి, నానీ నానకముందే పిండి తీసి, ఉల్లిపాయ పచ్చిమిర్చి పసుపు వేసిన పోపులో కలుపుతారు. పైన పుట్నాల పొడి, నిమ్మరసం, పక్కన మిరపకాయ బజ్జీ. ఇంతే కదా అనిపిస్తుంది. కానీ నానబెట్టడం కాస్త ఎక్కువైతే ముద్ద, తక్కువైతే అట్ట. చేసి కాసేపు ఉంచితే సాగుతుంది. అందుకే ఒకేసారి గంపెడు కలిపి పెట్టుకోడు, అయిపోవస్తుండగా మళ్లీ కొంచెం కలుపుతాడు. మా కోస్తావాళ్లకి ఇది ఎన్నిసార్లు చెప్పినా "మరమరాల ఉప్మాయేగా" అంటారు. పెసరట్టులో ఉప్మా పెట్టుకుని, అల్లప్పచ్చడి అద్దుకుని, లోకంలో ఇంకో టిఫిను లేదనుకునే జనం. నేనూ ఆ జనంలో పుట్టినదాన్నే గనక ఇంతకు మించి అనను.

ఇప్పుడు అసలు కోపం. "99 రకాల దోసెలు" అని బోర్డు కట్టిన బండ్లు ఊరూరా లేచాయి. పిండి ఒకటే, బంగాళాదుంప కూర ఒకటే. మిగతా తొంభై ఎనిమిదీ సీసాల్లోంచి, ప్యాకెట్లలోంచి వస్తాయి. చీజు, పనీరు, షెజ్వాన్ సాసు, మయొనీజు. ఇన్ని పైన పడ్డాక అడుగున దోసె పులిసిందో లేదో ఎవరికి తెలుస్తుంది? తెలియకూడదనే అవి వేస్తున్నారని నా అనుమానం. మయొనీజు సంగతి రుచి దగ్గర ఆగలేదు. 2024లో హైదరాబాద్‌లో మోమోలు తిని ఎంతోమంది ఆస్పత్రి పాలై, ఒకామె చనిపోయాక, అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయొనీజుని ఏడాది పాటు నిషేధించింది. పచ్చి గుడ్డు గిలకొట్టి ఎండలో గంటల తరబడి పెట్టుకునే వస్తువు మన వాతావరణంలో బండి మీదికి ఎందుకొచ్చిందో నాకు అర్థం కాదు. మరుగుతున్న సాంబారులో, సలసల కాగే నూనెలో ఆ భయం తక్కువ.

నూనె అన్నాను గనక సాయంత్రం బజ్జీల బండి గురించి ఒక మాట. వేయించే నూనెలో, అది పదేపదే కాగుతుంటే పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. దాన్ని కొలిచే మీటరు ఏ బజ్జీల బండి మీదా నాకు కనపడలేదు. నా మీటరు ముక్కు. నూనె నల్లబడి, బజ్జీ వేసినా వేయకపోయినా నురగ తగ్గకపోతే, దూరానికే ఘాటు పొగ తగిలితే ముందుకి నడుస్తాను. బజ్జీలు వార్తాపత్రికలో పెట్టి ఇవ్వొద్దని, సిరా ఒంటికి మంచిది కాదని ఆహార భద్రతా సంస్థ 2016లోనే చెప్పింది. ఈ కాలమ్ కూడా ఎన్ని పునుగుల నూనె పీల్చుకుందో! చదివినవాళ్ల కన్నా తుడుచుకున్నవాళ్లే ఎక్కువేమో. అయినా పేపర్లో వద్దనే చెబుతాను.

బండి దగ్గర నిలబడాలి. కూచోవాలంటే హైదరాబాద్‌లో ఇరానీ హోటలు ఉంది. చార్మినార్ పక్కన నిమ్రా, సికింద్రాబాద్ స్టేషను ఎదురుగా ఆల్ఫా. అక్కడ డికాక్షను మూతపెట్టి సన్నని సెగ మీద దమ్ వేస్తారు, పాలు వేరే గిన్నెలో చిక్కబడేదాకా కాస్తారు, రెండూ కలిసేది కప్పులోనే. ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని ఒక చాయ్ మీద ఎంతసేపు కూచున్నా పాతకాలంలో అడిగేవాళ్లు కాదంటారు. ఆ తీరిక ఎక్కువగా మగవాళ్లది. మాలాంటి వాళ్లని ఫ్యామిలీ రూమ్ అని రాసిన గదిలోకి, తెర వెనక్కి పంపేవాళ్లు. మా తరం ఆడవాళ్లు బండి టిఫిను రుచి ఎరిగింది పార్సిల్లోనే, చల్లారాకే. ఇప్పుడు కోచింగు సెంటర్ల దగ్గర ఆడపిల్లలు బండి చుట్టూ నిలబడి "అన్నా, కొంచెం కారప్పొడి" అని ప్లేటు చాపుతుంటే నాకు ముచ్చటేస్తుంది. టీకొట్టు దగ్గర మాత్రం ఇంకా ఒంటరి ఆడమనిషిని తేరిపార చూస్తూనే ఉన్నారు.

పాత కాఫీ హోటళ్ల గురించి కళ్లు తుడుచుకుంటూ రాసేవాళ్లు ఒక సంగతి దాటేస్తారు. వాటిలో కొన్నిటికి బ్రాహ్మణులకి వేరే గది ఉండేది. పల్లెల్లో టీకొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి నడిచింది. దళితుల గ్లాసు చూరుకో, గోడవారకో వేరే ఉండేది, తాగాక వాళ్లే కడిగి పెట్టాలి. దుకాణాల్లోకీ హోటళ్లలోకీ రాకుండా కులం పేరు చెప్పి ఎవరినీ ఆపకూడదని రాజ్యాంగం 15వ అధికరణంలో విడిగా రాసుకోవలసి వచ్చిందంటే పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోండి. వాడి పారేసే గ్లాసు వచ్చాక రెండో గ్లాసు చాలాచోట్ల కనిపించడం మానేసింది. మనసుల్లోంచి కూడా పోయిందని నేను హామీ ఇవ్వలేను. పట్నంలో బండి దగ్గర మాత్రం ఆటో డ్రైవరు, బ్యాంకు మేనేజరు, పారిశుద్ధ్య కార్మికురాలు ఒకే బకెట్లో కడిగిన ప్లేట్లలో తింటారు. ఆ బకెట్ నీళ్లు ఇంకొంచెం తరచుగా మారిస్తే బాగుండును.

బండికి చోటే ప్రాణం. ఆస్పత్రి గేటు దగ్గర నడిచే బండిని రెండు వందల గజాల అవతల ఖాళీ స్థలంలోకి నెడితే, అదే పిండి, అదే చట్నీ, గిరాకీ ఉండదు. వీధి వ్యాపారుల కోసం 2014లో పార్లమెంటు చట్టం చేసింది. సర్వే పూర్తిచేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని అందులో ఉంది. ఆ చట్టం కింద వేసే ఊరి కమిటీలో 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. యాభై ఏళ్లుగా నడుస్తున్న సంతని కదిలించడానికి వీల్లేదు. చదవడానికి బాగుంది. రోడ్డు మీద జరిగేది వేరు. పొద్దున్నే వ్యాను వస్తుంది, సిలిండరు ఎక్కించుకుపోతుంది. 2024 జనవరిలో మాదాపూర్‌లో భోజనాలు పెట్టే ఒకామె బండిని ట్రాఫిక్ పేరుతో ఆపిస్తే, ఏకంగా ముఖ్యమంత్రి కల్పించుకున్నాక గాని ఆమె చోటు ఆమెకి దక్కలేదు. ఆమె వీడియోలు జనం చూశారు గనక అది జరిగింది. వీడియోలు లేనివాళ్లకి చట్టమే దిక్కు. ట్రాఫిక్ ఇబ్బంది లేదని నేననను. బండి ముందు అడ్డదిడ్డంగా ఆపిన కార్లు తినేవాళ్లవి, బండివాడివి కావు. జరిమానా పడేది అతనికి.

తినేవాళ్ల తప్పు ఇంకొకటుంది. ఒకప్పుడు విస్తరాకులో, అరిటాకులో పెట్టిచ్చేవాళ్లు. ఇప్పుడు ప్లేటు మీద పల్చని ప్లాస్టిక్ కాగితం, పార్సిల్‌కి ఆవిర్లు కక్కే సాంబారు ప్లాస్టిక్ కవర్లో ముడి. గుడ్డకి బదులు ప్లాస్టిక్ షీటు పరిచి ఇడ్లీలు ఉడికిస్తున్నారని తేలాక 2025లో కర్ణాటక ప్రభుత్వం దాన్ని నిషేధించింది. కవరు ఖర్చు కూడా బండివాడికి భారమే. మనం చేతులూపుకుంటూ వెళ్తున్నాం గనక అతను ఇస్తున్నాడు. కాబట్టి రేపు పార్సిల్ తెచ్చుకునేటట్టయితే ఇంట్లోంచి స్టీలు టిఫిను డబ్బా పట్టుకెళ్లండి. సాంబారుకి మూత గట్టిగా పట్టేది ఇంకోటి. ఎనిమిదిన్నరలోపు వెళ్లండి.