కృష్ణా పశ్చిమ డెల్టా వాడుకలో అరుదైన ఆంగ్లపదములు: అర్థనిర్ణయ విమర్శ

తెలుగున చేరిన ఆంగ్లపదములను గూర్చి ఇంతవరకు జరిగిన చర్చ చాలవరకు రెండు మార్గముల నడచినది. అన్యదేశ్యములు భాషను చెఱచునని కొందఱు, అవసరమును తీర్చునని మఱికొందఱు వాదించిరి. ఈ రెండు వాదములును పదముయొక్క యోగ్యతను విచారించినవే కాని దాని అర్థమును విచారించినవి కావు. పదము వచ్చిన పిమ్మట దాని అర్థమును నిర్ణయింపవలసినది ఆంగ్ల నిఘంటువా, తెలుగు వాక్యమా అను ప్రశ్న మిగిలియే యున్నది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల నిత్యవ్యవహారమున నిలిచిన కొన్ని పదములను ఆధారము చేసికొని ఈ ప్రశ్నను పరిశీలింపదలచితిమి. ఇవి ఆంగ్లేయుడు తన దినచర్యలో అరుదుగ పలుకునవి, లేదా అరుదైన అర్థమున మాత్రమే పలుకునవి. ఇచ్చటి రైతు, వ్యాపారి, నాటకప్రియుడు మాత్రము వీనిని తఱచుగ పలుకుదురు.

మొదట ‘లాకు’ అను పదమును గ్రహింతము. విజయవాడవద్ద కృష్ణకు 1852 - 1855 సంవత్సరముల నడుమ ఆనకట్ట నిర్మింపబడినది. దానినుండి బయలుదేరిన పశ్చిమ కాలువలు పొలములకు నీరిచ్చుటయేకాక పడవలకు మార్గములును అయినవి. దుగ్గిరాలవద్ద చీలు కొమ్మమూరు కాలువ పెదగంజామువద్ద బకింగ్‌హాం కాలువను కలియుచున్నది. ఎగువ దిగువ మట్టముల నడుమ పడవను ఎక్కించుటకు, దించుటకు కట్టిన రెండు తలుపుల అర యిచ్చట ‘లాకు’ అయినది. ఆంగ్లమున ఈ పదమునకు మొదట స్ఫురించు అర్థము తాళము. కాలువను గూర్చిన అర్థము దానికి తరువాతిది, ఆ వృత్తివారికే పరిచితమైనది. మన డెల్టాలో క్రమము తలక్రిందులైనది. ‘తాళము’ అను పదము మనకుండుటచే ఆ అర్థమున ఆంగ్లపదము అప్పుడు రాలేదు. అరుదైన అర్థమే ముందు వచ్చి స్థిరపడినది. పడవల రాకపోకలు ఆగిపోయినను ‘లాకులకాడ దిగి నడిచి రా’ అను వాక్యము నిలిచియున్నది. ఇందు లాకులనగా యంత్రము కాదు, ఊరిలో ఒక చోటు.

ఇదే ఆంగ్లపదము ఇటీవల మఱల వచ్చినది. ‘ఫోనుకు లాక్ పెట్టాడు’ అనునపుడు పదము హలంతముగ నున్నది. మొదట వచ్చినది అజంతమై, బహువచనము చేరి, సప్తమిని పొంది తెలుగుపదమువలె ప్రవర్తించుచున్నది. రెండవది ఆ స్థితికి ఇంకను రాలేదు. ఒకే మూలమునుండి రెండు కాలములలో వచ్చిన ఈ రెండింటిని ఒకే ఆరోపము క్రింద చేర్చి ‘తాళము’ అని అర్థము వ్రాసిన నిఘంటువు, లాకుల దగ్గఱ దిగువానికి దారి చూపజాలదు.

రూపవిషయమున ఒక నియమము గమనింపదగినది. ఆంగ్లపదాంతమున హ్రస్వాచ్చుపై స్పర్శము వచ్చినచో తెలుగున అది ద్విత్వమై ఉకారాంతమగుట సామాన్యము: చెక్కు, టిక్కెట్టు. దీర్ఘముపై వచ్చినచో ద్విత్వము లేదు: లాకు, నోటు, గేటు, రేటు. కఠినమైన సాంకేతిక పదమైనను ‘క్యూసెక్కు’ ఈ నియమమునే పాటించినది. క్రొత్తపదమైనంత మాత్రమున అది తెలుగు ధ్వనిక్రమమునకు లొంగలేదనుట సరికాదు.

రూపమున లొంగిన ఈ క్యూసెక్కే అర్థమున చిక్కు తెచ్చినది. ఘనపుటడుగు, సెకను అను రెండు మాటల ఆంగ్లరూపముల తొలిభాగములను అతికి నీటిపారుదల ఇంజనీర్లు కల్పించుకొన్న పదమిది. సెకనునకు ఒక ఘనపుటడుగు, అనగా సుమారు 28.3 లీటర్ల ప్రవాహము దీని అర్థము. ఇది ప్రవాహవేగమును తెలుపు మానము, రాశిని తెలుపునది కాదు. రాశికి మనవారు వాడునది టి.ఎం.సి. అది నూఱుకోట్ల ఘనపుటడుగులు. అయినను ‘లక్ష క్యూసెక్కుల నీరు సముద్రము పాలైనది’ అను వాక్యము మనకు నిత్యము కనబడును. ఎంతసేపు అను ప్రశ్నకు సమాధానము లేక ఈ వాక్యమునకు అర్థము పూర్తికాదు. లక్ష క్యూసెక్కులు ఒక దినమంతయు పాఱిన 8.64 టి.ఎం.సి. అగును, ఒక గంట పాఱిన 0.36 మాత్రమే యగును.

ఇది కేవలము పండితచర్చ కాదు. 2024 సెప్టెంబరు మొదట ప్రకాశం బ్యారేజివద్ద ప్రవాహము 11 లక్షల క్యూసెక్కులను మించినది. ఆ లెక్కను సుమారు పదునైదు నిమిషములకు ఒక టి.ఎం.సి. నీరు దిగువకు దిగినట్లు. బ్యారేజికి దిగువనున్న లంకలవారికి ఆ సంఖ్య ఇల్లు విడువవలెనా, పశువులను కరకట్ట కెక్కింపవలెనా అను నిర్ణయమునకు ఆధారము. రేవున ఎన్ని మెట్లు మునిగినవో చూచి వఱదను ఎఱుగు వానికి క్యూసెక్కు అను మాట అందినది కాని అందలి కాలపరిమాణము అందలేదు. ‘సెక్కు’ అను భాగమున సెకను దాగియున్నదని చెప్పు వాక్యమొక్కటి నిఘంటువున నుండిన ఈ లోపము కొంత తీరును. దీనికి సంస్కృతసమాసమును కల్పించుట పరిష్కారము కాదు. అది క్రొత్త చీకటి నొకదానిని తెచ్చును.

ఋణవ్యవహారమున ‘నోటు’ ఇంతకంటె విచిత్రమైనది. ప్రోనోటు అను కుదింపు సామాన్యాంగ్లేయుని దినవ్యవహారమున వినబడదు. ఇచ్చటనో అప్పిచ్చు ప్రతివాడును దాని నెఱుగును. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము ప్రామిసరీ నోటును నిర్వచించుచు బ్యాంకునోటును, కరెన్సీనోటును అందుండి స్పష్టముగ తొలగించినది. చట్టము వేఱుచేసిన వానిని తెలుగు వాడుక ఒకే పేరున కలిపినది. అయినను సందిగ్ధత లేదు, ఏలయన క్రియయే అర్థమును నిర్ణయించుచున్నది. నోటు మార్చుట ఒకటి, నోటు వ్రాయుట వేఱొకటి. ‘మూడేళ్ళు నిండకముందే నోటు తిరగ రాయించుకో’ అనునపుడు ఏ నోటో సందేహించు వాడుండడు. ఆ మూడేండ్లు కాలపరిమితి చట్టమున అడిగినంతనే చెల్లింపవలసిన నోటునకు విధించిన గడువు. గడువు దాటిన నోటునకు ‘కాలదోషము పట్టినది’ అందురు. కొంత సొమ్ము ముట్టినపుడు నోటువెనుక ‘చెల్లు’ వ్రాయింతురు. ఋణస్థుడు స్వహస్తముతో వ్రాసినను, సంతకము చేసినను గడువు ఆనాటినుండి క్రొత్తగ నారంభమగును. ఆంగ్ల నామమునకు కాలదోషము, చెల్లు అను మన మాటలు పరివారమైనవి. ఈ పరివారమును విడిచి నోటునకు మాత్రమే అర్థము చెప్పుట అసమగ్రము. గడువెఱుగక అప్పు పోగొట్టుకొనువానికి ఈ లోపము ఖరీదైనది.

కోర్టునుండి వచ్చిన ‘సమన్లు’ మఱొక విధమైనది. ఆంగ్లమున దీని తుది సకారము ఏకవచనరూపమందలిదే. మనవారు దానిని ఆంగ్ల బహువచన చిహ్నముగ తలచి తొలగించి, తమ ‘లు’ వర్ణకమును చేర్చిరి. అందువలన ‘సమన్లు అందినవి’ అని, వచ్చినది ఒక్క కాగితమే యైనను, క్రియ బహువచనమైనది. దీనిని అజ్ఞానమని కొట్టివేయుట సులభము. వచనభేదమును వ్యవహర్తలు ఎంత మెలకువతో పట్టుకొందురో ఈ పొరపాటే చెప్పుచున్నది.

తెనాలి రంగస్థలము ఇచ్చిన ‘వన్స్‌మోర్’ను గూర్చియు ఒక మాట. బాపట్లలో 1902లో జన్మించి, తెనాలి రామవిలాస సభ నాటకములలో ప్రసిద్ధికెక్కిన స్థానం నరసింహారావుగారి కాలమున పద్యమును మఱల పాడుమని ప్రేక్షకులు కోరిన మాట ఇది. ఆంగ్లేయులు ఈ సందర్భమున ఫ్రెంచివారి ‘ఆంకోర్’ అను పదమును వాడుదురు. ఫ్రెంచివారు దానిని విడిచి ‘బిస్’ అను లాటిను పదమును పలుకుదురు. మనవారు ఆంగ్లపు మాటలతోనే ఆంగ్లేయులు వాడని నామమును చేసికొని, ‘వన్స్‌మోర్ కొట్టు’ అను క్రియను గూడ కూర్చుకొనిరి. ఎరువు తెచ్చుకొనుటలో అందఱును సమానులే యని దీనివలన తెలియుచున్నది.

ఎదురునడకయు కలదు. మన ఆనకట్ట, ఆయకట్టు అను మాటలు భారతదేశపు ఇంజనీర్ల ఆంగ్లమున చేరినవి. బాపట్ల పేరే మూడు ఆంగ్లాక్షరములై, అచ్చటి పరిశోధనాక్షేత్రమున రూపొంది 1986లో విడుదలైన 5204 సంఖ్యగల సాంబమసూరికి ముందు నిలిచినది. నేడు ‘బీపీటీలు వేశాము’ అను రైతు ఆ అక్షరములలో ఒక ఊరున్నదని తలపక పలుకుచున్నాడు.

ఇక నిఘంటువుల స్థితి. బ్రౌను దొర మిశ్రభాషా నిఘంటువు 1854లో వెలువడినది. ఆనకట్ట అప్పటికి పూర్తికాలేదు, రేపల్లెకు రైలు 1916 వఱకు రాలేదు. కనుక ఈ పదజాలము నందు వెదకుట అన్యాయము. అయినను వ్యవహారమునందలి అన్యదేశ్యములకు ప్రత్యేక నిఘంటువు కావలెనను ఆయన దృష్టి నేటికిని ఆదర్శము. 1936లో తొలిసంపుటము వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ప్రధానముగ గ్రంథస్థ ప్రయోగముల నాశ్రయించినది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు వెలువరించిన వ్యవసాయ వృత్తిపదకోశము పొలమునకు పోయి పదమును సేకరించు మార్గమును చూపినది. ఆ పద్ధతి గొప్పది. కాని వృత్తివారీగా సేకరించునపుడు నోటు, సమన్లు, లాకులు వంటివి ఏ ఒక్క వృత్తికిని చెందక జాఱిపోవు ప్రమాదమున్నది. కథాసాహిత్యమును ఆశ్రయింతమన్నచో, 1909లో తెనాలిలో జన్మించిన కొడవటిగంటి కుటుంబరావుగారి రచనలు మధ్యతరగతి సంభాషణకు మంచి సాక్ష్యములు. కాలువగట్టుపై మాటకు ఆ సాక్ష్యము చాలదు.

కావున పరిశోధక విద్యార్థులకు మా సూచన యిది. ప్రతి పదమునకును ఉచ్చరితరూపమును, అది వినబడిన పూర్తి తెలుగు వాక్యమును, దానితో కూడివచ్చు క్రియను, పలికినవారి వృత్తిని, ఊరిని వ్రాసికొనవలెను. మూలభాషార్థమును చివర చేర్పవలెను, మొదట కాదు. పడవలతోడి లాకుల నెఱిగినవారు, నోటువ్రాతలో నేర్పఱులైన వారు నానాటికి తగ్గిపోవుచున్నారు. తెనాలి, బాపట్ల, రేపల్లెలలో ఒక్కొక్క కాలువ వెంట, ఒక్కొక్క కోర్టు ఆవరణమున, ఒక్కొక్క ధాన్యపుకొట్టువద్ద ఈ సేకరణమును ఇప్పుడే ఆరంభించుట అవసరమని మా అభిప్రాయము.