కురూపం – వికృతం: నౌపడ తంపర ఆధారంగా అర్థభేద పరిశీలన

అందవిహీనతను తెలిపే ‘కురూపం’, ‘వికృతం’ అనే మాటలు నేటి రచనల్లో తరచు ఒకదాని స్థానంలో మరొకటి వస్తున్నాయి. పదనిర్మాణాన్ని బట్టి చూస్తే ఇవి పర్యాయపదాలు కావు. ‘కు’ నిందార్థకం. ‘వి’ ఉపసర్గలో నింద తప్పనిసరి కాదు, భేదం చాలు. శివుణ్ణి విరూపాక్షుడని కొలుస్తారు. అక్కడ ‘వి’ తీసి ‘కు’ పెడితే స్తుతి కాస్తా తిట్టవుతుంది. కురూపం ఉన్న రూపాన్నే నిందిస్తుంది. వికృతం మార్పు చెందినది. దానికి ముందు ఒక ప్రకృతి ఉండి తీరాలి. బడిలో నేర్చే ప్రకృతి–వికృతుల పట్టికలో ‘విద్య’ ‘విద్దె’ అయినప్పుడు మారింది రూపమే, అందం చెడలేదు.

మనుషుల ముఖాల కంటే నేలను వర్ణించేటప్పుడు ఈ భేదం ఎక్కువ పని చేస్తుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడ పరిసరాలు ఉప్పుమడులు, చవిటి పర్రలు, తంపర అని పిలిచే చిత్తడి పల్లం. పచ్చని పైరునే అందంగా ఎంచే కంటికి ఆ బురద కురూపం. అదే బురద మత్స్యకారులకు వేట, తేలినీలాపురంలో గూళ్లు కట్టే పక్షులకు మేత. వాటిలో గూడబాతు ఒకటి. ముక్కు కింద సంచి వేలాడే ఆ పక్షిని ఎవరైనా కురూపి అంటే అనవచ్చు గాని, వికృతమనడం పొసగదు. ఆ సంచి దాని ప్రకృతి, చేపలు పట్టే సాధనం.

పరిశ్రమల చర్చల్లో వినిపించే ‘పనికిరాని భూమి’ అన్నమాట ఈ కురూప భావనకే మరో వేషం. తంపరలో కాకరాపల్లి వద్ద తలపెట్టిన బొగ్గు విద్యుత్ కేంద్రంపై ఉద్యమం రేగి, 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. (ఆ తెలుగు సంవత్సరం పేరు వికృతి కావడం కేవలం కాకతాళీయం.) పూడ్చిన తంపరను కురూపమని రాసే రచయిత, తెలియకుండానే నేరాన్ని నేలమీద మోపుతాడు. వికృతమంటే ఎవరు మార్చారు, అంతకుముందు అది ఎలా ఉండేది అన్న ప్రశ్నలు తప్పవు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఉప్పుమడి కూడా మనిషి మార్చిన నేలే. వ్యుత్పత్తి ప్రకారం అదీ వికృతమే కావాలి, కాని వాడుక అందుకు ఒప్పుకోదు. కనుక విశేషణంగా ‘వికృతం’ చెల్లాలంటే మార్పు ఒక్కటే చాలదు, ఆ మార్పువల్ల పూర్వరూపానికి హాని జరిగిందన్న గుర్తింపు కూడా ఉండాలి. నిఘంటువులు చేర్చుకోవలసిన అర్థచ్ఛాయ ఇది.