మలుపు కాడ నిలబడి

ఎద్దుల జతను బేరీజు వేయడం నాకు మా జేజినాయన నేర్పాడు. ఆళ్లగడ్డ దగ్గరి మా పల్లె నుంచి శిరివెళ్ల మీదుగా, శివరాత్రికి ముందురోజే మహానంది చేరేవాళ్లం. కోనేట్లో మునక, దేవుని దర్శనం అయ్యాక ఆయన కాళ్లు నేరుగా చెట్ల కిందికి దారితీసేవి. బండలాగుడు పోటీలకు వచ్చిన ఒంగోలు గిత్తలను అక్కడే కట్టేసేవాళ్లు. జేజినాయన ఎవరినీ పలకరించేవాడు కాదు. ఒక్కో జత ముందు ఒక చుట్ట కాలేంతసేపు నిలబడేవాడు. మూపురం చూసేవాడు, గిట్టలు చూసేవాడు, అన్నిటికంటే ఎక్కువసేపు అవి మేత తినడం చూసేవాడు. కొత్తచోట, ఇంత జనం మధ్య కూడా ఉలవలు నిదానంగా నమిలే జత ఆయనకు ఇష్టం. "కడుపుకు భయం లేని ఎద్దు కాలికి కూడా భయపడదురా" అనేవాడు.

మా ప్రాంతంవాళ్లకు చెప్పనక్కర్లేదు కానీ, చూడనివాళ్ల కోసం రెండు మాటలు. ఒక్కో జత ఒంటరిగానే బరిలోకి దిగుతుంది. కాడికి తగిలించిన బండను ఈ గీత నుంచి ఆ గీత దాకా లాగి, అక్కడ మళ్లి, తిరిగి ఇటు రావాలి. ఇచ్చిన నిమిషాల్లో మొత్తం ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని నోటిని బట్టి విభాగాలుంటాయి. ఆ పైన సీనియర్లు. పాలపళ్లు ఊడి మొదటి రెండు పెద్దపళ్లు వచ్చేసరికి గిత్తకు సుమారు రెండున్నరేళ్లు నిండుతాయి. విభాగం పెరిగేకొద్దీ బండ బరువు కూడా పెరుగుతుంది.

పోటీ మొదలయ్యాక జనమంతా బయలుదేరే గీత దగ్గర మూగేవాళ్లు. ఈలలు, దుమ్ము, మైకులో అరుపులు అక్కడే. జేజినాయన మాత్రం నన్ను చెయ్యి పట్టుకొని అవతలి కొసకు, ఎద్దులు మళ్లే చోటికి తీసుకుపోయేవాడు. అక్కడ నీడ ఉండేది కాదు. పదేళ్ల వయసులో నాకు అది శిక్షలాగే ఉండేది. ఆయన అక్కడే ఎందుకు నిలబడతాడో తెలియడానికి నాకు ఇంకో పదేళ్లు పట్టింది.

కదులుతున్న బండ కంటే ఆగిన బండ బరువు ఎక్కువ. నేల దాన్ని పట్టుకుంటుంది. జత బలమంతా ఆ పట్టు విడిపించే మొదటి అడుగులో తెలుస్తుంది, ఆ మొదటి అడుగు ప్రతి మలుపులోనూ మళ్లీ వేయాల్సిందే. మళ్లేటప్పుడు లోపలి ఎద్దు దాదాపు ఉన్నచోటనే తిరగాలి, బయటి ఎద్దు చుట్టూ నడవాలి. దాపటిది ఆగి ఎలపటి దానికి దారి ఇవ్వాలి, లేకపోతే ఎలపటిది దానికివ్వాలి. ఒకటి ఉరికి ఇంకొకటి వెనకబడితే కాడి వంకరపోతుంది, గడియారం మాత్రం ఆగదు. తిన్నగా లాగేటప్పుడు ఏ జత అయినా అందంగానే ఉంటుంది. గొప్ప ఎద్దు పక్కన ఓ మోస్తరు ఎద్దును కడితే వచ్చేదానికంటే, రెండు మధ్యరకం ఎద్దులు మనసు కలిసి నడిస్తే వచ్చే అడుగులే ఎక్కువని ఆ మలుపులోనే నేను కళ్లారా చూశాను.

ఇరవయ్యేళ్లప్పుడు నేను ఒక నోటుపుస్తకం పెట్టాను. ఏ ఊరి పోటీలో ఏ జత ఎన్ని అడుగులు లాగిందో రాసుకొని, దాన్ని బట్టి సీనియర్లలో ఫలానా జతదే మొదటి స్థానమని టీకొట్టు దగ్గర గట్టిగా చెప్పాను. జేజినాయన పుస్తకం తీసుకొని చూశాడు. ఆయనకు చదువు రాదు, అంకెలు వచ్చు. "ఈ లెక్క పొద్దుటిదా, మిట్టమధ్యాన్నందా?" అని అడిగాడు. నేను రాసుకోలేదు. "నేల ఎర్రదా, రేగడా? ముందురోజు వాన పడిందా?" అదీ రాసుకోలేదు. ఎవరు ఎప్పుడు దిగాలో చీటీలు తేలుస్తాయి. పొద్దున ఎనిమిదికి చల్లగాలిలో లాగిన జతకూ, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు లాగిన జతకూ వచ్చిన అడుగులను పక్కపక్కన రాయడమే తప్పన్నాడు. "ఒకే బండ మీద, ఒకే నేల మీద రెండుసార్లు లాగినప్పటి లెక్క ఉంటే నాకు చూపించు. మిగతాదంతా ఊరి మాట." నేను చెప్పిన జత ఆ ఏడాది మూడో స్థానంలో నిలిచింది. మర్నాడే పుస్తకంలో కొత్త గడులు గీశాను: పూట, నేల, బండ, మలుపులు. ఆఖరి గడి ఊపిరిది.

ఊపిరి గడి వెనక ఆళ్లగడ్డ శిల్పుల చెయ్యి ఉంది. చెక్కబోయే ముందు వాళ్లు రాతిని సుత్తితో తట్టి చెవి పెడతారు. గంటలాగా ఖంగున పలికితే రాయి మంచిది. మొద్దుగా పలికితే లోపల ఎక్కడో బీట ఉంది. బయటికి రెండు రాళ్లూ ఒకటే. నందిని చెక్కేవాడికే ఇంత జాగ్రత్త ఉంటే, ప్రాణమున్న నందిని చూసేవాడికి ఎంత ఉండాలి అనేవాడు జేజినాయన. బండ విడిచాక ఆయన జత పక్కన నిలబడి దాని రొప్పు వినేవాడు. ఎంతసేపట్లో డొక్క కుదుటపడుతుందో వేళ్ల మీద లెక్కపెట్టేవాడు.

2025 జనవరిలో కొలంబస్ నుంచి మా తమ్ముని కొడుకు ఫోన్ చేశాడు. అక్కడి ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చదువుతున్నాడు. "పెద్నాయనా, సోమవారం మాకు ఫైనల్. అట్లాంటాలో, నోటర్ డామ్‌తో. ఎవరు గెలుస్తారో నువ్వు చెప్పు." అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో నాకు తెలిసింది తక్కువ. కానీ వాడు చిన్నప్పుడు మహానందిలో నా పక్కన, అదే నీడలేని కొసన నిలబడినవాడు. అందుకే నన్ను అడిగాడు.

ముందు ఆట చెప్పమన్నాను. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోతే మళ్లీ నాలుగు, లేకపోతే బంతి అవతలివాళ్లది. మైదానం నూరు గజాలు. అంటే మూడువందల అడుగులు! ఆగిన చోట మళ్లీ బయలుదేరడం, గెలిచిన నేలను కొలవడం. నాకు ఎంతో దగ్గరగా అనిపించింది. తర్వాత వాడు అంకెలు చదివాడు. రెండు జట్లూ పదిహేనేసి ఆటలాడి చెరొకటి ఓడాయా అని అడిగితే, ఒహాయో స్టేట్ రెండు ఓడింది, నోటర్ డామ్ ఒక్కటే అన్నాడు. ఆ లెక్కన నోటర్ డామ్‌దే పైచేయి. పాత నోటుపుస్తకమైతే నేనూ అంతే చెప్పేవాణ్ణి.

గెలిచినవి వద్దు, ఓడినవి చెప్పమన్నాను. నోటర్ డామ్ సెప్టెంబరు 7న సొంత మైదానంలో, ఎవరూ లెక్కలోకి తీసుకోని నార్తర్న్ ఇల్లినాయ్ చేతిలో 14-16తో ఓడింది. ఆ తర్వాత వరసగా పదమూడు గెలిచింది. ఒహాయో స్టేట్ నవంబరు 30న సొంత మైదానంలోనే, తరతరాల పోటీదారు మిషిగన్ చేతిలో 10-13తో ఓడింది. ఆ రాత్రి హాస్టల్లో ఎవరూ అన్నం ముట్టలేదట. రెండు జతలూ ఇంటి వాకిట్లోనే మోకాళ్ల మీద పడ్డాయి, రెండూ లేచాయి. ఇక్కడ తేడా తేలలేదు.

"ఒకే బండను రెండుసార్లు లాగింది ఉందా?" అని అడిగాను. వాడు కాసేపు ఆగాడు. ఉంది. ఒహాయో స్టేట్ అక్టోబరు 12న ఆరెగాన్ చేతిలో ఒక్క పాయింటు తేడాతో, 31-32తో ఓడింది. జనవరి 1న రోజ్ బౌల్‌లో అదే ఆరెగాన్‌ను 41-21తో ఓడించింది. జేజినాయన అడిగిన లెక్క ఇదే. నోటర్ డామ్ దారిలో అలాంటిది దొరకలేదు. పైగా జార్జియాను 23-10తో గెలిచిన రోజున అవతల ఆటను నడిపించే అసలు క్వార్టర్‌బ్యాక్ గాయంతో దిగలేదు. అది నోటర్ డామ్ తప్పు కాదు, గెలుపు గెలుపే. కానీ బేరీజు వేసేవాడు ఆ రోజు నేల మెత్తగా ఉందని రాసుకోవాలి. మీవాళ్లే అని చెప్పాను.

చెప్పాక నాకు నిద్రపట్టలేదు. బండ ఎదురు తిరగదు. రెండు జతలను వేర్వేరుగా కొలిచి కూడితే ఎద్దుల దగ్గర చాలావరకు సరిపోతుంది. ఇక్కడ ఒకరి బలం ఇంకొకరి బలహీనత మీదికి వస్తుంది. పైగా నోటర్ డామ్ కోచ్ మార్కస్ ఫ్రీమన్ ఒకప్పుడు ఒహాయో స్టేట్ ఆటగాడేనట. అవతలి కొట్టంలో పెరిగినవాడికి ఆ ఎద్దుల అలవాట్లు తెలియకుండా ఉంటాయా?

మనకు 21వ తేదీ తెల్లవారి ఆరింటికి ఆట మొదలైంది. నోటర్ డామ్ మొదటిసారే పద్దెనిమిది ఎత్తులు వేసి, పది నిమిషాలకు కాస్త తక్కువగా బంతిని తన దగ్గరే ఉంచుకొని, 75 గజాలూ నడిచి పాయింట్లు సాధించింది. క్వార్టర్‌బ్యాక్ రైలీ లెనర్డ్ తానే తొమ్మిదిసార్లు బంతి పట్టుకొని మనుషుల గోడలోకి దూరాడు. ఫోన్లో మావాడి గొంతు పడిపోయింది. నేను తెర మీద ఆ పిల్లవాడి రొప్పు చూస్తున్నాను. మొదటి రౌండులోనే ఇంత పెట్టేసిన జతలను నేను చాలా చూశాను. తర్వాత ఒహాయో స్టేట్ వరసగా 31 పాయింట్లు చేసింది. నోటర్ డామ్ అక్కడితో కూలబడలేదు. 31-23 దాకా లాక్కొచ్చింది. చివర్లో ఇంకా పదకొండు గజాలు కావాల్సిన మూడో ప్రయత్నంలో ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ విసిరిన బంతిని జెరెమయా స్మిత్ 56 గజాల అవతల దాకా తీసుకుపోయాడు. మొదటి ఏడాది విద్యార్థి, పందొమ్మిదేళ్లవాడు. మన లెక్కలో రెండు పళ్ల గిత్త. 34-23తో ఆట ముగిసింది.

నేను కచ్చితంగా పాటించే నియమం ఇంకొకటి ఉంది. చెర్నకోల దెబ్బతో వచ్చిన అడుగులను నా పుస్తకంలో కూడను. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎద్దుల పందేలనూ నిలిపినప్పుడు మా ఊళ్లో చాలామందికి కోపం వచ్చింది. 2023 మే 18న వాటిని అనుమతించే తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాలను రాజ్యాంగ ధర్మాసనం నిలబెట్టినప్పుడు సంతోషించారు. నాకు రెండుసార్లూ గుర్తొచ్చింది ఒక్కటే: వాతలు తేలిన వీపుతో మళ్లిన ఒక జత, దాని వైపు చూడలేక ముఖం తిప్పుకున్న జేజినాయన. మాటకు లాగే జతే జత. కొట్టి లాగించినది జత బలం కాదు, కాబట్టి దాన్ని ఇంకో జతతో పోల్చడానికే వీల్లేదు. ఇరవయ్యేళ్ల పిల్లలు ఒక్క సీజన్లో పదహారు ఆటలు ఆడారని విన్నప్పుడు కూడా నాకు మనసు కలుక్కుమంది.

మావాడు ఆ రోజు మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారి, వాళ్ల వీధుల్లో సందడి తగ్గాక, "వచ్చే ఏడు ఎవరు పెద్నాయనా?" అన్నాడు. మహానందిలో పోటీలు ముగిసి, గెలిచినవాళ్ల చుట్టూ తప్పెట్లు మోగుతుంటే, జేజినాయన ఓడిన జతలు కట్టేసిన చెట్ల వైపు నడిచేవాడు. వాటికి ఎవరు నీళ్లు పెడుతున్నారో, ఎవరు కాళ్లు పిసుకుతున్నారో చూసేవాడు. నేను పుస్తకంలో కొత్త పేజీ తీసి నోటర్ డామ్ పేరు ముందు రాశాను.